తల తిరిగిన నాడు చెవిని మరిచిన

మూడు నెలలు ఈ పేజీల నా రాత రాలేదు. భివండి నుంచి ఇద్దరు, షోలాపూర్ నుంచి ఒకరు ఫోన్ చేసి "ముసలాయన ఉన్నడా, పోయిండా" అని మా ఇంట్ల అడిగిండ్రట. ఉన్న. ఎడమ చెవి మాత్రం పోయింది. ఎట్ల పోయిందో, అది ఎందుకు తిరిగి రాలేదో, వచ్చేటోళ్లకు ఎందుకు వస్తదో చెప్తామని కూసున్న. మన మిల్లు ఇండ్లల్ల చెవుడు కొత్త సంగతి కాదు. కానీ ఇది ఆ చెవుడు కాదు.

రిటైరై మా జిమల్‌గట్టకు వచ్చి ఏడేండ్లయింది. ఆషాఢంల ఒక తెల్లారుజామున లేచి కూసున్న. ఇల్లు తిరిగింది. నేను తిరుగుడు కాదు, దూలాలు, గోడ, గోడకున్న గడియారం అన్నీ ఒక దిక్కుకు గిర్రున తిరిగినయి. కండ్లు మూసినా ఆగలేదు. వాంతులు. మంచం పట్టె గట్టిగ పట్టుకొని పడుకున్న. తల ఇటు కదిపితే వాంతి, అటు కదిపితే వాంతి. ఎడమ చెవిలో గుర్రుమని మోత, దూరంగ సాంచెలు నడిచినట్టు. ఆ మోత నేను పట్టించుకోలేదు. ముప్పై ఒక్క ఏండ్లు సాంచెల నడుమ నిలబడ్డోనికి చెవిలో మోత అంటే ఇంటి చుట్టం లెక్క. వస్తది, పోతది.

మా ఆమె బీపీ పడిపోయిందని నిమ్మకాయ ఉప్పు నీళ్లు ఇచ్చింది. పక్కింటి ముసలమ్మ గాలి సోకిందన్నది. మా మరిది పైత్యం అన్నడు. మధ్యాహ్నం బండి మీద నడుమ కూసుండబెట్టుకొని ఒక దవాఖానకు తీసుకపోయిండ్రు. అది ఏదో ఇక్కడ రాయను. అక్కడ బీపీ చూసిండ్రు, షుగర్ చూసిండ్రు, ఒక సలైను, చక్కర్ తగ్గెటందుకు ఒక ఇంజెక్షను, గోళీలు ఇచ్చిండ్రు. రాత్రికి నిద్ర పట్టింది. చెవి గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇల్లంత తిరుగుతుంటే చెవి ఎవనికి గుర్తొస్తది?

ఐదో దినం గోడ పట్టుకొని నడిచిన. ఏడో దినం గోడ వదిలి నడిచిన. వానకు వాగులు పొంగి బస్సు బందు. మనిషి నిమ్మళమాయె అని అందరు అనుకున్నరు, నేను కూడ. తొమ్మిదో దినం భివండి నుంచి మా పెద్దోడు ఫోన్ చేసిండు. నాకు ఫోను ఎడమ చెవికి పెట్టుడు అలవాటు. కుడి చెయ్యి పనిలో ఉండాలె కదా, మిల్లు నుంచి అదే అలవాటు. పెట్టిన. ఏం వినరాలేదు. "ఫోను ఖరాబైంది" అని మా ఆమెకు ఇచ్చిన. ఆమె చక్కగ మాట్లాడుతున్నది! మళ్ల తీసుకొని కుడి చెవికి పెడితే "బాపూ, బాపూ, వినవడుతుందా" అని వాడు ఒర్రుతున్నడు. ఎడమకు మార్చిన. మంచి బాయి లోతుల పడ్డట్టు నిశ్శబ్దం. ఆ మోత తప్ప ఏం లేదు.

తొమ్మిది దినాలు ఒక చెవి చచ్చి ఉన్నది, నాకు తెల్వదు.

వాగు దిగి, అహేరి పోయి, అక్కడినుంచి చంద్రపూర్ పోయి చెవి డాక్టరు ముందు కూసునేసరికి పన్నెండో దినం. పడుచు డాక్టరమ్మ, మరాఠీ మనిషి. తలుపు బిగించిన చిన్న గదిలో కూసుండబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కుమన్నది. కుడి చెవిలో సన్న శబ్దాలకు 40 డెసిబెల్ దాక లోపం ఉన్నది. అది మిల్లు ఇచ్చిన బహుమానం, పాతదే. ఎడమ చెవి 85. అంటే చెవి పక్కన నిలబడి అరిస్తే ఏదో ఉన్నట్టు తెలుస్తది, మాట తెల్వదు.

"కాకా, దీన్ని అకస్మాత్తుగ వచ్చిన నరాల చెవుడు అంటరు. 72 గంటలల్ల ఒకేసారి 30 డెసిబెల్ అంతకంటె ఎక్కువ పడిపోతది. చెవులల్ల ఇది ఎమర్జెన్సీ లెక్క" అన్నది. తర్వాత అడిగింది: "మొదటి దినం చక్కర్ వచ్చిందా?" వచ్చిందన్న. పూర ఇల్లు తిరిగిందా, ఊరికే కండ్లు మసకలైనయా? ఇల్లు తిరిగిందన్న. ఆమె రాసుకొని కొంచెంసేపు ఏం అనలేదు. ఆ చూపు నాకు తెలుసు. బీమ్ పాడైనప్పుడు మా జాబరు అట్లనే చూసేటోడు.

చెవుడు వచ్చిన నాడే తల తిరుగుడు కూడ వస్తే, చెవి తిరిగి వచ్చే ఆశ తక్కువ అని ఆమె చెప్పింది. ఇదే నేను మీకు చెప్పదలుచుకున్న సంగతి. ఎందుకు తక్కువ అని అడిగిన. కాగితం మీద బొమ్మ గీసింది. చెవి లోపల, గట్టి ఎముకల, రెండు పనిముట్లు ఉంటయి. ఒకటి వినేటందుకు, నత్తగుల్ల లెక్క రెండున్నర చుట్లు తిరిగి ఉంటది. ఇంకోటి మనిషి నిలకడ కోసం, మూడు వంకర గొట్టాలు, రెండు చిన్న సంచులు. ఈ రెండింటిల నీళ్లు ఒకటే. నెత్తురు తెచ్చే సన్న నాళం కూడ ఒకటే, అది మూసుకపోతే ఇంకో దారి లేదు. అక్కడినుంచి మెదడుకు పోయే నరాలు రెండూ ఒకే సందులనుంచి పోతయి.

నాకు వెంటనే పాత మిల్లు యాదికొచ్చింది. ఇప్పటి పోరగాండ్లు చూసి ఉండరు. మునుపు ఒక పొడువాటి షాఫ్టు పైన తిరిగేది, దానినుంచి తోలు పట్టాలు కిందికి ఒక్కో సాంచెకు. ఒక సాంచె ఆగిందంటే పట్టా తెగింది, కుట్టి ఎక్కిస్తే నడుస్తది. వరసకు వరస ఆగిందంటే పైన షాఫ్టులనే దెబ్బ. వినికిడి ఒక్కటే పోతే పట్టా తెగినట్టు అనుకోవచ్చు. వినికిడి, నిలకడ రెండూ ఒకేసారి పోయినయంటే దెబ్బ పెద్దది, లోపల ఎక్కువ జాగల తగిలింది. ఇంకో సంగతి. నత్తగుల్ల మొదట్ల, అంటే నిలకడ సంచులకు దగ్గరున్న భాగం, సన్న శబ్దాలు వినేది. అందుకని తల తిరిగినోళ్లల్ల సన్న శబ్దాలు ఎక్కువ పోతయి. స, శ, త, క లాంటి అక్షరాలు వాటిలనే ఉంటయి. అవి పోతే గొంతు వినవడుతది, మాట తెల్వదు.

చిన్న మనవరాలు నర్సింగ్ చదువుతది. పుస్తకం తిరగేసి ఫోన్‌ల చెప్పింది: "తాతా, ఇట్ల చెవి పోయినోళ్లల్ల నూటికి ముప్పై నలభై మందికి తల తిరుగుడు ఉంటదట. 1984లనే బైల్ అని ఒక అమెరికా డాక్టరు ఎనిమిదేండ్లు చూసిన రోగుల లెక్క రాసిండు. చెవి వచ్చుడు, రాకపోవుడు ఎన్నో దినం వచ్చిండ్రు, వయసెంత, తల తిరిగిందా, పరీక్షల గీత ఎట్లున్నది అనే వాటి మీద ఉంటదని రాసిండు." నాకు నాలుగూ ఎదురే ఉన్నయి. అరవై దాటినోన్ని, పన్నెండో దినం పోయిన, తల తిరిగింది, 85 మీద గీత. ఆ పిల్ల ఏడుస్తదేమోనని నేనే మాట మార్చిన.

కానీ ఒక్క మాట. తల తిరిగితే చెవి రాదు అని కాదు. తల తిరిగినోళ్లల్ల కూడ కొందరికి సగం, కొందరికి పూర వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. తల తిరగనోళ్లకు రాకుండ పోయింది కూడ ఉన్నది. ఏ మందు లేకుండనే మూడింట ఒకరు మొదలుకొని మూడింట ఇద్దరి దాక అంతో ఇంతో కోలుకున్నట్టు పాత లెక్కలు ఉన్నయట. ఎందుకు వస్తదో కూడ పదిమందిల తొమ్మిదిమందికి తేలదు. వైరస్ అంటరు, నెత్తురు ఆగిందంటరు. 2024 జూన్‌ల పాటలు పాడే అల్కా యాగ్నిక్ చెప్పలేదా, విమానం దిగి నడుస్తుంటే ఒక్కసారిగ ఏం వినరాలేదని, వైరస్ వల్ల అని డాక్టర్లు అన్నరని. పాట మీద బతికే మనిషి గతే అట్లున్నది.

మందు స్టెరాయిడ్. పది పద్నాలుగు దినాలు గోళీలు, మెల్లగ తగ్గించుకుంట రావాలె. మొదటి రెండు వారాలల్ల మొదలుపెడితేనే ఎక్కువ ఆశ. గోళీలతో రాకుంటే, రెండు నుంచి ఆరు వారాల లోపల, చెవి పొర గుండ సూదితోటి లోపలికే మందు ఎక్కిస్తరు. నాకు గోళీలూ ఇచ్చిండ్రు, సూది నాలుగు సార్లు వేసిండ్రు. సూది వేసినంక అరగంట ఒక పక్కకు పడుకొని, మింగకుండ, మాట్లాడకుండ ఉండాలె. మా ఆమె "ఇదొక్కటి మంచిదే" అన్నది. షుగర్ ఉన్నోళ్లకు స్టెరాయిడ్ గోళీలు షుగర్‌ను ఎగదోస్తయి, ముందే చెప్పాలె. మందుల దుకాణంల అడిగి కొనుక్కొని మింగే మందు కాదిది. ఇది తప్పకుండ పని చేస్తదని డాక్టర్లు కూడ బల్ల గుద్ది చెప్పరు. కానీ దినాలు గడిస్తే వేసే మందు కూడ ఉండదు.

ఇప్పుడు నా పక్క గల్లీల మనిషి సంగతి. పేరెందుకు, ముప్పై ఎనిమిదేండ్ల ఆడబిడ్డ, తునికాకు పనికి పోతది. పోయిన చలికాలం ఆమెకు కుడి చెవి అట్లనే పోయింది. తల తిరగలేదు, వాంతి లేదు. పొద్దున లేచేసరికి చెవిల దూది కుక్కినట్టు ఉన్నదన్నది. వేరే బాధ ఏం లేదు కాబట్టి ఆమెకు చెవే కనబడ్డది. మూడో దినమే పోయింది. నెలన్నరకు దాదాపు పూర వచ్చింది. నేను చంద్రపూర్ నుంచి వచ్చినంక "మామా, నీకు కూడ వస్తది, నాకు రాలేదా" అని ధైర్యం చెప్పింది. ఆమెకు ఈ షాఫ్టు, పట్టా కథ చెప్ప బుద్ధి కాలేదు.

ఆమెకు వచ్చి నాకు రాకపోవుడు ఈ ఇద్దరిని చూసి తేల్చే సంగతి కాదు. వయసు వేరు, దినాలు వేరు. కానీ నాకు ఒకటి తోస్తది. తల తిరుగుడు రెండు తీర్ల నష్టం చేసింది. లోపల దెబ్బ పెద్దదని చెప్పే గుర్తు అది. కానీ అదే మా అందరి కండ్లు కప్పింది. బీపీ, పైత్యం, గాలి అని దాని వెంట తిరిగినం, చెవి అడుగున పడ్డది. ఇది మా జిమల్‌గట్ట అమాయకులకే కాదు. పారిస్‌ల ప్రాస్పర్ మెనియేర్ అనే డాక్టరు 1861ల, తల తిరుగుడు చెవి లోపలినుంచి కూడ వస్తదని చెప్పేదాక, అక్కడి పెద్ద పెద్ద డాక్టర్లు దాన్ని మెదడుకు నెత్తురు ఎక్కుడే అని నెత్తురు తీసేటోళ్లు, జలగలు పెట్టేటోళ్లట. నాకు నిమ్మకాయ నీళ్లే ఇచ్చిండ్రు, నయమే.

ఇంకో మోసం కూడ ఉన్నది. ఏడో దినం తల తిరుగుడు తగ్గింది కదా, రోగం తగ్గింది అనుకున్నం. అది తగ్గుడు వేరు, చెవి వచ్చుడు వేరు. నిలకడ పనిముట్టు ఒక దిక్కు పాడైతే మెదడు కొన్ని దినాలు గాబరా పడి, తర్వాత రెండో దిక్కు పనిముట్టుతోటి, కండ్లతోటి, పాదాలతోటి లెక్క సరిచేసుకుంటది. ఒక సాంచె ఆగితే మిగిలిన సాంచెల మీద పని గుంజినట్టు. పాడైంది పాడైనట్టే ఉండొచ్చు, మనిషి మాత్రం నడుస్తడు. వినేదానికి అట్ల సర్దుబాటు లేదు. పోయిన చెవి పనిని మెదడు సొంతంగ పుట్టించలేదు. అందుకని "తల తిరుగుడు పోయింది, చెవి కూడ మెల్లగ వస్తది" అని ఇంట్ల కూసునొద్దు.

చక్కర్ గోళీలు కూడ నేను నెల దాక మింగిన, మంచిగుందని. డాక్టరమ్మ కోపం చేసింది. మొదటి రెండు మూడు దినాలకే అవి. ఎక్కువ దినాలు మింగితే మెదడు నేర్చుకునుడు ఆగుతదట. దానికి బదులు కసరతు చెప్పింది. ఇంగ్లండ్ల 1940లల్ల కాథార్న్, కుక్సీ అని ఇద్దరు తలకు దెబ్బలు తాకినోళ్ల కోసం తయారు చేసిన కసరతులట. తల కదపకుండ కండ్లు పైకీ కిందికీ, తర్వాత తల మెల్లగ కుడికీ ఎడమకూ, కూసుండి లేచుడు, మొదట కండ్లు తెరిచి, తర్వాత మూసి, ఒక చేతినుంచి ఇంకో చేతికి బంతి ఎగరేసి పట్టుడు. మేము నిమ్మకాయతోటి చేసినం. మొదట్ల చేస్తుంటే తల తిరుగుతది, తిరిగినా చెయ్యాలె, కానీ పక్కన మనిషి ఉండాలె. పగటిపూట ఇప్పుడు నేను బాగనే నడుస్త. చీకట్ల పొలం గట్టు మీద మాత్రం ఇప్పటికీ ఎడమకు ఒరుగుత. కండ్లకు కనబడకపోతే మెదడుకు లెక్క తప్పుతది కదా.

మీ ఇంట్ల ఎవరికన్న ఒక్కసారిగ చెవి బందైతే, తల తిరిగినా తిరగకపోయినా, ఒక చిన్న పరీక్ష ఉన్నది. నోరు మూసి "ఊఁ..." అని ముక్కుతోటి శబ్దం చెయ్యాలె. ఆ శబ్దం పాడైన చెవిలోనే గట్టిగ వినవడితే గుబిలియో, జలుబు నీళ్లో కావచ్చు. మంచి చెవిలో గట్టిగ వినవడితే నరాల చెవుడని అనుమానం, ఆ దినమే బయలెల్లాలె. చెవిల నూనె, ఆకు పసరు పొయ్యొద్దు, పోస్తే డాక్టరు లోపల చూసుడే కష్టమైతది. తల తిరిగినోన్ని ముందు ఇదే అడగాలె: రెండు చెవులు వినవడుతున్నయా? ఫోను ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టి చూడుమనాలె. ఒక నిమిషం పని. ఆ నిమిషం మా ఇంట్ల తొమ్మిది దినాలు పట్టింది.

తల తిరుగుడుతోటి మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒకటి రెండుగ కనబడ్డా, మింగుడు కష్టమైనా, కాలు చెయ్యి గుంజినా, నిలబడనే రాకపోయినా అది చెవి డాక్టరు పని కాదు. మెదడుకు నెత్తురు ఆగిందేమో చూడాలె. 108కి ఫోన్ చెయ్యాలె. చెవికి నెత్తురు తెచ్చే ఆ సన్న నాళం మెదడు నాళాలనుంచే చీలి వస్తది, అందుకే ఈ రెండు రోగాలు మొదట ఒకే తీరుగ కనబడొచ్చు. నాకు తల లోపల ఎంఆర్ఐ కూడ తీసిండ్రు. వినికిడి నరం మీద గడ్డ ఉంటే కూడ ఇట్లనే మొదలైతదట. నాకు లేదు.

పోయిన నెల భివండి అన్న ఒకాయన ఉత్తరంల అడిగిండు: మిల్లు మోత వల్లనే కదా నీ చెవి పోయింది, నష్టపరిహారం అడగరాదా అని. కాదన్నా. మోతతోటి వచ్చే చెవుడు ఏండ్ల మీద, మెల్లగ, రెండు చెవులకూ వస్తది, తల తిరగదు. దానికి పరిహారం చట్టంల ఉన్నది, మూడో షెడ్యూల్ల మోత వల్ల వచ్చే చెవుడు రాసి ఉన్నది. అది అడగాల్సినోళ్లు అడగాలె. నాకు వచ్చింది వేరే రోగం. క్షయకు మునుపు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదులు, మా అడవి దిక్కు మలేరియాకు ఇచ్చిన క్వినైన్, ఇవి కూడ చెవిని, నిలకడను పాడు చేస్తయి, అయితే అవి ఎక్కువగ రెండు దిక్కులా చేస్తయి. ఏ మందులు తిన్నమో డాక్టరుకు చెప్పుడు మంచిది. ఐదేండ్లు ఈఎస్ఐ కట్టి రిటైరైనోళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం ఉంటది, అది చాలా మందికి తెల్వదు. పవర్‌లూములల్ల పని చేసినోళ్లకు అసలు కార్డే లేకపాయె, వాళ్లకు నేనేం చెప్పాలె.

ఒక చెవి పోతే వికలాంగుల సర్టిఫికెట్ కూడ రాదు. రెండు చెవులల్ల లోపం చూస్తరు. అట్లని ఏం లోటు లేదనుకోవద్దు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తదో తెల్వదు. ఎడమ దిక్కునుంచి బండి వస్తే మీదికి వచ్చేదాక తెల్వదు. పెండ్లిల నలుగురు మాట్లాడితే అంతా సంత లెక్క. మంచి చెవి కిందికి పెట్టి పడుకుంటే కోడి కూసినా వినరాదు. అది మాత్రం సుఖమే.

రెండు నెలలకు మళ్ల పరీక్ష చేస్తే 85 ఉన్నది 65కు వచ్చింది. గొంతు ఎవరిదో గుర్తుపడ్త, మాట మాత్రం చెదిరిపోతది. ఇంతకంటె రాదన్నది డాక్టరమ్మ. మూడు నెలల్ల రానిది తర్వాత వచ్చుడు అరుదట. వినికిడి మిషన్ పెట్టి చూద్దామన్నది. ప్రభుత్వం ఏడిఐపీ పథకం కింద తక్కువ ఆదాయం ఉన్నోళ్లకు మిషన్లు ఇస్తది. ముంబై బాంద్రల అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నది, దాని శాఖ సికింద్రాబాద్‌ల కూడ ఉన్నది. నాకు ఏది దక్కుతదో అడుగుతున్న.

అందాక మాకు మిల్లు నేర్పిన విద్య ఒకటి ఉన్నది. మా ఆమె కూడ కండెలు చుట్టే ఖాతాల పన్నెండేండ్లు చేసింది. సాంచెల మోతల అరిచి లాభం లేదు కాబట్టి పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేటోళ్లం, షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు. పిల్లలకు మేమిద్దరం చప్పుడు లేకుండ మాట్లాడుకునుడు నవ్వులాట. ఇప్పుడు ఆమె వాకిట్ల నిలబడి గొంతు తియ్యకుండనే పెదవులు ఆడిస్తది, అన్నం అయింది, రా అని. నేను లోపలినుంచి వస్త. పక్కింటోళ్లు వీళ్లు మాట్లాడుకుంటలేరు, కొట్లాడిండ్రు అనుకుంటున్నరు.

భివండిల మా పెద్దోనికి ఒక మాట: ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఒర్రకు బిడ్డా. కుడి చెవికే పెడుతున్న. వచ్చే నెల పీఎఫ్ పింఛను హయాతీ కాగితం గురించి రాస్త, చాలా మంది అడుగుతున్నరు.